పదికి ఎంత నొప్పి అంటే "పదహారు" అంటున్నారు: కీళ్ల పేషెంట్‌ని మీరెలా చూస్తారు?

బుచ్చి_సిస్టర్ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పల్లెలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (ఊరి క్లినిక్ చూసుకునే నర్సుగా) చేరి ఎనిమిది నెలలైంది. బీఎస్సీ నర్సింగ్‌లో ఆర్థో పోస్టింగ్ చేశాను కానీ అక్కడ చూసినవన్నీ విరిగిన కాళ్లూ, కట్లూ. ఇక్కడ ఓపీలో సగం మంది కీళ్ల నొప్పులవాళ్లే. నాట్లు అయిపోయిన వారం అయితే చెప్పక్కర్లేదు, వరసగా నడుములు పట్టుకుని వస్తారు.

మాకు నేర్పినట్టే "సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే నొప్పి ఎంత?" అని అడుగుతున్నాను. ఈరోజు ఒకావిడ "పదహారు రాసుకో పాపా" అంది. పది దాకానే ఉందమ్మా అంటే "నాది పదహారే" అని కూర్చుంది. ఆ వెనకే ఇంకో పెద్దావిడ. వేళ్లు పక్కకి వంకర్లు తిరిగి ఉన్నాయి, ఆవిడేమో "ఏం లేదమ్మా, రోంత" అంటుంది, అంటే కొంచెమేనని. రిజిస్టర్‌లో నేనేం రాయాలి? పదహారా, రోంతా?

ఎక్స్‌రే లేదు. మనిషికి ఐదు నిమిషాలు. మొదట ఏం అడగాలి, ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలి, ఎవర్ని పైకి పంపాలి? అందరికీ పారాసిటమాల్, కాల్షియం చేతిలో పెట్టి పంపేస్తుంటే మనసుకి బాగాలేదు.

---

ఒంగోలు_పాతనర్సు | సోమవారం, రాత్రి 10:05

పాపా, మొదటి ఆవిడ తప్పు చెప్పలేదు. నీ స్కేలే ఆవిడకి తెలియదు. పదహారు అంటే పదహారణాలు. నిండు రూపాయి. 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చినా మాటలో అణాలు పోలేదు. "పదహారణాల నొప్పి" అంటే ఇంతకుమించి లేదని. నేను వార్డులో ముప్ఫై ఏళ్లు అలాగే అడిగాను. "నిన్న రూపాయి అనుకో, ఈరోజు ఎంత? పావలానా, అర్ధా, ముప్పావలానా?" ఎనభై ఏళ్ల ముసలమ్మ కూడా టక్కున చెబుతుంది. కేస్ షీట్‌లో మాత్రం పదికి మార్చి రాసేదాన్ని.

ఇక రెండో ఆవిడ సంగతి. ఆవిడ గురించే నాకు బెంగ. "రోంత" అనేవాళ్లు ఎందుకలా అంటారో తెలుసా? నొప్పి అంటే కోడలు వంటింట్లోకి రానివ్వదు, కూలికి పిలవరు, కొడుకు ఆసుపత్రి ఖర్చు అంటాడు. అందుకని అలాంటి మనిషిని ఎంత అని అడగొద్దు. ఎప్పుడు అని అడుగు. ఏ పని చేయలేకపోతున్నావు అని అడుగు.

"పొద్దున లేచినప్పుడు పట్టేసిన వేళ్లు ఎప్పటికి వదులవుతాయి? కళ్లాపి చల్లేటప్పటికా, టిఫిన్ వేళకా?" నిమిషాలు అడిగితే ఎవరూ చెప్పలేరు, పని పేరు చెప్పి అడిగితే చెబుతారు. అరగంట లోపల వదిలి, మళ్లీ సాయంత్రం పనయ్యాక నొప్పి ఎక్కువైతే అది చాలావరకు అరుగుదల. గంట దాటినా పట్టు వదలకపోతే, కూర్చుంటే ఎక్కువై కాస్త కదిలితే తగ్గుతుంటే, అది వాపుతో వచ్చే వాతం, రుమటాయిడ్ లాంటిది. ఈ ఒక్క ప్రశ్నకి ఉన్న విలువ సగం పరీక్షలకు ఉండదు.

తర్వాత చేతులు చూడు. ముఖం కాదు, చేతులు. పిడికిలి బిగిస్తే పైకి తేలే మెటికలు, వేళ్ల మధ్య కణుపులు, మణికట్లు రెండు వైపులా ఒకేలా ఉబ్బి ఉన్నాయా? అయితే రుమటాయిడ్ అనుమానించు. గోరు దగ్గరి చివరి కణుపు మీద గట్టి బుడిపెలు ఉంటే అది అరుగుదల వల్ల వచ్చే ఎముక. రుమటాయిడ్ ఆ చివరి కణుపు జోలికి సాధారణంగా పోదు. మెటికలన్నీ కలిపి పక్కల నుంచి నెమ్మదిగా నొక్కు. నెమ్మదిగా అని ఎందుకంటున్నానంటే, మా రోజుల్లో ఒక స్టూడెంట్ గట్టిగా కరచాలనం చేస్తే పేషెంట్ కేకకు వార్డంతా లేచింది.

చేత్తో తాకేటప్పుడు అరచెయ్యి కాదు, మీచెయ్యి, అంటే చేతి వెనక వైపు, ఆనించి వేడి చూడు. మొదట బాగున్న వైపు, తర్వాత నొప్పి ఉన్న వైపు.

---

నైట్‌డ్యూటీ_నెల్లూరు | సోమవారం, రాత్రి 11:40

పదహారణాలు 🙏 రేపటి నుంచి ఇదే. మా సిస్టర్ ఇన్‌ఛార్జికి కూడా చెబుతాను.

---

కావలి_ఫిజియో | మంగళవారం, ఉదయం 6:50

మేడం చెప్పినదానికి నాదొక ముక్క. పేషెంట్ కుర్చీలో కూర్చున్నాక కాదు, గుమ్మం దగ్గర్నుంచే చూడాలి. చెప్పులు ఎలా విప్పుతున్నారు, గోడ పట్టుకుంటున్నారా, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలరా. అది చూస్తే నాకు తొడ కండరం ఎంత బలంగా ఉందో తెలిసిపోతుంది. మోకాలి నొప్పిలో అందరూ "గుజ్జు అరిగింది" అనే మాట దగ్గర ఆగిపోతారు. గుజ్జు మన చేతుల్లో లేదు, తొడ కండరం ఉంది. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టి వదలమనండి. ఇంత చిన్న పని. వ్యాయామం అయ్యాక ఆ తువాలు తీసెయ్యాలి, అది ముఖ్యం. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది నిజమే, అలా నెలల తరబడి పడుకుంటే కాలు వంగినచోటే బిగుసుకుపోతుంది.

బరువు సంగతి చెబితే జనం నొచ్చుకుంటారు. నేనిలా చెబుతాను: ఒంట్లో కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. బియ్యం బస్తా లెక్కలో చెబితే ఇంకా బాగా ఎక్కుతుంది.

ఇంకోటి, చేతికర్ర. కుడి మోకాలు నొప్పయితే కర్ర ఎడమ చేత్తో పట్టుకోవాలి. మా సెంటర్‌కి వచ్చేవాళ్లలో చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. కొనిచ్చినవాళ్లు ఎవరూ చెప్పరు.

---

కనిగిరి_మాస్టారు | మంగళవారం, ఉదయం 8:15

నేను నర్సును కాను, రిటైరయిన టీచర్ని. పేషెంట్‌నే అనుకోండి. మీరంతా మోకాలు, వేళ్లు అంటున్నారు. మా కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి ఎవరైనా వస్తే మొదటి ప్రశ్న అది కాదు తల్లీ. "ఏ నీళ్లు తాగుతున్నావు?" అని అడగాలి.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బే ఫ్లోరోసిస్. మద్రాసు ప్రెసిడెన్సీలో దాని గురించి షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు వైద్య పత్రికలో రాసింది 1937లో. ఆ కేసులు అప్పటి నెల్లూరు జిల్లావి. మా దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. అంటే ఈ జబ్బును పేరుపెట్టి పిలవడం మొదలై తొంభై ఏళ్లు కావస్తోంది. నా చిన్నప్పుడు మా వీధిలో నడుము వంగిపోయిన పెద్దవాళ్లని చూసి ముసలితనం అనుకునేవాళ్లం. వాళ్లకి యాభై కూడా దాటలేదని తర్వాత తెలిసింది.

---

ఒంగోలు_పాతనర్సు | మంగళవారం, ఉదయం 9:02

మాస్టారు గారూ, బాగా గుర్తుచేశారు. పాపా, ఇది రాసుకో. గారపట్టిన పళ్లు, మెడా నడుమూ తిరగని బిగువు ఉన్నవాళ్లని మూడు పనులు చేయమను. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయమను. గడ్డం ఛాతీకి ఆనించమను. చేతులు చాచి పైకెత్తి తల వెనక పెట్టుకోమను. మూడూ చేయలేకపోతే ఫ్లోరోసిస్ అనుమానంతో రాసి పంపు, తాగే బోరు ఏదో కూడా రాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

ఒక పొరపాటు మాత్రం చెయ్యకండి. నీళ్లు కాచి తాగమని చెప్పొద్దు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

---

అమ్మకోసం_కందుకూరు | మంగళవారం, మధ్యాహ్నం 2:33

మీ అందరి మాటలు చదువుతుంటే ఆగలేక రాస్తున్నాను. మా అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లేది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నేల మీద కూర్చుని ఆకు ఏరడం. నాలుగేళ్ల కింద వేళ్లు వాచాయి. మొదట ఆకు పని వల్లే అనుకున్నాం. చివరికి రుమటాయిడ్ అన్నారు, మెథోట్రెక్సేట్ రాశారు. చీటీ మీద వారానికి ఒకసారి అనే ఉంది. మందుల షాపులో కవరు మీద రాసిన అబ్బాయి మిగతా మాత్రలకి రాసినట్టే దీనికీ "రాత్రి 1" అని రాసేశాడు. అమ్మకి చదువు రాదు. నేను హైదరాబాదులో ఉన్నాను. ఆరు రోజులు వరసగా వేసుకుంది.

ఏడో రోజు నోట్లో పుళ్లు, అన్నం మింగలేదు, జ్వరం. తెల్లకణాలు పడిపోయాయని అడ్మిట్ చేసుకున్నారు. విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం, బతికి బయటపడింది. ఆ షాపతనితో గొడవపడాలని వెళ్లి, అతని ముఖం చూసి తిరిగొచ్చేశాను. ఇరవై ఏళ్లు కూడా ఉండవు.

సిస్టర్లకి నా విన్నపం ఒక్కటే. ఆ మాత్ర చేతిలో పెట్టేటప్పుడు నోటితో చెప్పి, తిరిగి వాళ్ల నోటితో చెప్పించండి.

---

నైట్‌డ్యూటీ_నెల్లూరు | మంగళవారం, మధ్యాహ్నం 3:10

అక్కా, ఒళ్లు జలదరించింది. మా వార్డులో కూడా ఆ మాత్ర డ్రగ్ ఛార్టులో మిగతా ఆరు రోజుల గడులూ అడ్డంగా కొట్టేసి పెడతాం. ఒక్క రోజు గడి మాత్రమే ఖాళీగా ఉంటుంది.

---

ఒంగోలు_పాతనర్సు | మంగళవారం, సాయంత్రం 5:48

తల్లీ, మీ అమ్మ కోలుకున్నందుకు దేవుడికి దండం.

మెథోట్రెక్సేట్ మీద నాలుగు మాటలు చెబుతాను, ఇది అందరూ చదవండి. వారం అనగానే జనానికి ఆదివారం గుర్తురాదు, సంత గుర్తొస్తుంది. "మీ ఊళ్లో సంత ఏరోజు? ఆ రాత్రి అన్నం తిన్నాక" అని చెప్పండి. సంత రోజు ఎవరూ మరిచిపోరు, వారానికి రెండుసార్లు సంత జరగదు. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు ఇస్తారు, అది ఏ రోజో డాక్టరు చీటీ చూసి చెప్పండి. నోట్లో పుండు, జ్వరం, ఆగని పొడిదగ్గు, ఆయాసం, ఒంటి మీద ఎక్కడైనా రక్తపు మచ్చలు కనిపిస్తే తర్వాతి మాత్ర ఆపి వెంటనే రావాలని చెప్పండి. రక్తకణాల లెక్క, లివర్ పరీక్ష డాక్టరు చెప్పిన గడువుకి చేయించుకుంటున్నారో లేదో అడగండి. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లైతే గర్భం ఆలోచన ఉందా అని సిగ్గుపడకుండా అడగండి. ఆ మందు మీద ఉండగా గర్భం రాకూడదు.

రుమటాయిడ్‌కే ఇచ్చే ఇంకో మందు హైడ్రాక్సీక్లోరోక్విన్, అది కంటికి చేటు చేయొచ్చు, వాడేవాళ్లని కళ్లు చూపించుకున్నారా అని అడగడం కూడా మన పనే. ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

---

ఆయుర్_తైలం_సేల్స్ | మంగళవారం, సాయంత్రం 6:20

[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకుడు | మంగళవారం, సాయంత్రం 6:31

ఇక్కడ నూనెలు అమ్మకండి. రెండోసారి హెచ్చరిక. నూనె రాసుకునేవాళ్లని ఎవరూ వద్దనట్లేదు.

---

ఉదయగిరి_ఏఎన్‌ఎం | మంగళవారం, రాత్రి 8:44

నూనెతో గొడవ లేదు నిర్వాహకుడు గారూ. నూనెలో వాసన తప్ప ఏమీ లేకపోయినా రుద్దే చెయ్యి హాయినిస్తుంది. నా భయం సూదులతో. మా వైపు "నొప్పి సూది" అని వేస్తారు. వేసిన మర్నాడు మనిషి గెంతుతాడు. నెలకోసారి, తర్వాత పదిరోజులకోసారి. కొన్నాళ్లకి ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరిగి, చేతుల మీద చర్మం ఉల్లిపొరలా అయ్యి వస్తారు. షుగరు లేనివాళ్లకి షుగరు. అది స్టెరాయిడ్ అని వాళ్లకి తెలియదు.

నేను చేసేదొకటే. "ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక కవర్లో వేసుకురా, ఖాళీ అట్టలు కూడా" అంటాను. ఒకాయన కవర్లో మూడు రకాల నొప్పిమాత్రలు ఒకే మందు, పేర్లే వేరు. బీపీ ఎందుకు తగ్గట్లేదో, కాళ్లవాపు ఎందుకో అప్పుడు తెలిసింది. నల్లగా తారులాంటి విరేచనం అయ్యిందా అని కూడా అడుగుతాను, ఆ మాత్రలకి కడుపులో రక్తం కారితే అలా అవుతుంది.

స్టెరాయిడ్ అని తేలినా "ఇక మానెయ్" అని మాత్రం అనకండి. ఎక్కువ రోజులు వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి కూలబడతారు. డాక్టరు చూసి మెల్లగా తగ్గించాలి.

---

అల్లూరు_రైతుబిడ్డ | బుధవారం, ఉదయం 7:05

ఒక డౌటు. మోకాలికి కాపడం పెట్టాలా, ఐసు పెట్టాలా? మా నాయన ఉప్పు మూట వేడిచేసి పెడతాడు. మా బావ ఐసు అంటాడు. ఇంట్లో రోజూ పంచాయితీ.

---

కావలి_ఫిజియో | బుధవారం, ఉదయం 7:30

ఇద్దరూ రైటే. పొద్దున్నే పట్టేసినట్టు ఉంటే కాపడం. పని చేసి వచ్చాక వాచి వేడిగా ఉంటే ఐసు, గుడ్డలో చుట్టి, పదిహేను ఇరవై నిమిషాలు మించకుండా.

---

ఉదయగిరి_ఏఎన్‌ఎం | బుధవారం, ఉదయం 7:52

మీ నాయనకి షుగరు ఉందా? అది ముందు చెప్పు. మా మేనత్త పాదాలు మొద్దుబారి ఉన్నాయి, ఆవిడకి తెలియదు. ఉప్పు మూట కాలిందని వాసన వచ్చాక తెలిసింది. చర్మం ఊడిపోయి మూడు నెలలు డ్రెస్సింగ్ చేశాను నేనే. షుగరు ఉన్నవాళ్లకి కాపడం పెట్టేముందు ఆ మూట వేరేవాళ్లు తమ ముంజేతికి ఆనించి చూడాలి.

---

అల్లూరు_రైతుబిడ్డ | బుధవారం, ఉదయం 8:01

షుగరు ఉంది సిస్టర్. సరే, ఈ రాత్రి నుంచి నేనే చూసి పెడతాను.

ఇంకోటి, మా చెరువు దగ్గర రొయ్యలకి మేత వేసే ఆయనకి రాత్రి పూట బొటనవేలు ఎర్రగా ఉబ్బి దుప్పటి తగిలినా కేకలేస్తాడు. వారానికి తగ్గిపోతుంది, మళ్లీ వస్తుంది. ఇదీ ఇదేనా?

---

ఒంగోలు_పాతనర్సు | బుధవారం, మధ్యాహ్నం 1:15

అది గౌట్ లాగుంది. యూరిక్ ఆమ్లం పలుకులు కీలులో చేరి వచ్చేది. డాక్టరుకి చూపించమను. మద్యం ఎంత తాగుతాడు, ఎండలో నీళ్లు తాగుతాడా, బీపీకి ఎక్కువ మూత్రం పోయే మాత్ర వాడుతున్నాడా అన్నది కనుక్కుని చెప్పమను. నొప్పి మండుతున్నప్పుడు ఎవరో చెప్పారని యూరిక్ ఆమ్లం తగ్గించే అల్లోప్యూరినాల్ తానే మొదలుపెట్టకూడదు, ఇంకా రగులుతుంది. ముందునుంచీ వాడుతున్నవాళ్లు మాత్రం నొప్పి వచ్చిందని ఆపకూడదు. ఆ మాత్ర వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆ రోజే ఆపి రావాలి.

---

బుచ్చి_సిస్టర్ | బుధవారం, రాత్రి 9:30

అందరికీ ధన్యవాదాలు. చదువుతూ నోట్‌బుక్ నింపేశాను. ఈరోజు జరిగింది చెప్పాలి, చేతులు ఇంకా వణుకుతున్నాయి.

పన్నెండు గంటలకి ఒకాయన, అరవై లోపు, షుగరు పేషెంట్. ఇద్దరు మోసుకొచ్చారు. కుడి మోకాలు ఒక్కటే ఉబ్బి ఉంది. మూడు రోజుల క్రితం ఎక్కడో మోకాల్లోకి సూది వేయించుకున్నాడంట. "అరుగుదలే సిస్టర్, ఒక మాత్ర ఇయ్యండి" అన్నాడు వెంట వచ్చినాయన. నేను మేడం చెప్పినట్టు మీచెయ్యి ఆనించాను. ఎడమ మోకాలు మామూలుగా ఉంది, కుడిది పెనం. టెంపరేచర్ 102. కాలు ఇంచు కూడా కదపనివ్వలేదు.

నాలో నేనే అనుకున్నాను, ఒక్క కీలు, జ్వరం, షుగరు, సూది. పాఠంలో చదివిన సెప్టిక్ ఆర్థరైటిస్, కీలులో చీము పట్టడం, ఇదేనేమో అని. ఈ-సంజీవని వీడియో కాల్‌లో డాక్టరు గారిని పట్టుకున్నాను, ఆలస్యం చేయొద్దు పంపించమన్నారు. 108 వచ్చేదాకా ఆయన కాలు ఎలా సుఖంగా ఉందో అలాగే దిండ్లతో పెట్టి, బీపీ, పల్సు, షుగరు చూసి చీటీలో రాసి, ఏమీ తినిపించకుండా పంపాను. సాయంత్రం ఫోన్ చేశారు. నెల్లూరులో మోకాల్లోంచి చీము తీసి, థియేటర్లో కడిగారంట.

కాపడం పెట్టమని పంపేసి ఉంటే?

---

ఒంగోలు_పాతనర్సు | బుధవారం, రాత్రి 9:58

పెట్టలేదుగా. అన్నం తిని పడుకో.

రేపు గుర్తుపెట్టుకో, అలాంటి కేసులో దారిలో యాంటీబయాటిక్ మాత్రలు మింగించకపోవడం కూడా మంచి పనే చేశావు. కీలులో నీళ్లు ముందు తీసి కల్చర్‌కి పంపితే ఏ క్రిమో దొరుకుతుంది. ఆ కీలులో చీము ఉన్న ప్రతి రోజూ మృదులాస్థి కరుగుతూనే ఉంటుంది. కొద్ది రోజులు చాలు, కీలు పనికిరాకుండా పోవడానికి.

---

కనిగిరి_మాస్టారు | గురువారం, ఉదయం 6:10

శభాష్ అమ్మాయ్.

ఇంకో మాట. మీ నోట్‌బుక్‌లో నిద్ర గురించి ఉందా? నాకు నొప్పి పగలు భరించగలను, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాను. పక్కన ఆవిడ నిద్రపోతుంటుంది, లేపబుద్ధి కాదు. 2006 చికున్‌గున్యా ఏడాది మొదలైంది ఈ రాత్రి కూర్చోవడం. ఆ జ్వరం వారానికి పోయింది, కీళ్లు ఏడాది పట్టాయి, అలవాటు మాత్రం మిగిలింది. ఇన్నేళ్లలో ఏ డాక్టరూ "రాత్రి ఏం చేస్తారు?" అని అడగలేదు. ఒక్క సిస్టర్ అడిగింది, ఒంగోలులో. ఆరోజు నేను ఇంట్లో చెప్పనివి కూడా చెప్పాను.

---

అమ్మకోసం_కందుకూరు | గురువారం, ఉదయం 8:40

మాస్టారు గారూ, మా అమ్మ కూడా అంతే. పనికి పోవడం ఆగినప్పటి నుంచి మాట తగ్గిపోయింది. గ్రేడింగ్‌లో పక్కన కూర్చునేవాళ్లతో కబుర్లే ఆమెకి లోకం. ఇప్పుడు వాళ్లే ఆదివారం వచ్చి కూర్చుంటున్నారు, చిక్కుడుకాయలు ఒలుస్తూ. ఆ రోజు నొప్పి పావలా అంటుంది.

ఫిజియో సార్‌ని ఒకటి అడగాలి. వేళ్లు ఇంకా పాడవకుండా ఇంటిపనిలో ఏం మార్చాలి?

---

కావలి_ఫిజియో | గురువారం, ఉదయం 9:25

చిన్న కీలు మీద పడే బరువు పెద్ద కీలు మీదికి మార్చడమే. చెంబు వేళ్లతో ఎత్తకుండా రెండు అరచేతుల మధ్య పట్టి ఎత్తమనండి. సంచి వేళ్లకి కాదు, మోచేతి మడతకి తగిలించుకోవాలి. తడిబట్ట పిండడం వేళ్లకి చాలా చెడ్డది, దాన్ని కుళాయికి చుట్టి అరచేతులతో లాగి తిప్పమనండి. గరిటె కాడకి, దువ్వెనకి పాత గుడ్డ చుట్టి లావు చేయండి. సన్నటిది గట్టిగా పట్టుకుంటేనే కణుపు నలుగుతుంది. నేల మీద కత్తిపీట మానేసి బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని చాకుతో తరగమనండి. ఒప్పుకోరు, తెలుసు. మా అమ్మే ఒప్పుకోలేదు.

వాపు మండుతున్న రోజుల్లో బలం వ్యాయామాలు వద్దు, కీలుని దాని హద్దులో రోజుకి ఒకటి రెండుసార్లు నెమ్మదిగా ఆడిస్తే చాలు. పూర్తిగా కదపకుండా మాత్రం ఉంచొద్దు.

---

నైట్‌డ్యూటీ_నెల్లూరు | గురువారం, రాత్రి 11:55

మోకాలు మార్పిడి అయినవాళ్ల గురించి కూడా కొంచెం. రాత్రుళ్లు మాకు పెద్ద యుద్ధం దిండుతోనే. బంధువులు జాలిపడి మోకాలి కింద పెడతారు, మేము తీసి మడమ కింద పెడతాం, మళ్లీ పెడతారు. ఫిజియో సార్ చెప్పిన బిగుసుకుపోవడమే ఇక్కడా భయం.

ఇంటికి పంపేటప్పుడు నేను చూసేవి, పిక్క వాపు, నొప్పి ఉంటే రక్తం గడ్డ అనుమానం, అందుకే పాదం పైకీ కిందికీ ఆడిస్తూ ఉండమని చెప్పడం. గాయం దగ్గర ఎరుపు, కారడం. ఇంట్లో మరుగుదొడ్డి ఎలాంటిదో కూడా అడుగుతాను. నేల దొడ్డి అయితే కమోడ్ కుర్చీ తెచ్చాకే డిశ్చార్జి అవ్వమంటాను. ఒక పెద్దాయన ఆ కుర్చీ కొనలేదు, ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోయించాడు. నాలుగు రోజులకి కాలు విరిగింది. పెద్దాయనది కాదు, కుర్చీది. అదృష్టం.

---

బుచ్చి_సిస్టర్ | ఆరు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 7:20

పాత చర్చని పైకి తెస్తున్నందుకు ఏమనుకోవద్దు. "రోంత" అన్న పెద్దావిడ గుర్తుందా?

ఆ వారంలోనే ఇంటికి వెళ్లాను. పొద్దున ఏడుకి, కావాలనే. మంచం మీద కూర్చుని ఉంది, జాకెట్ హుక్సు మనవరాలు పెడుతోంది. స్కూలు టైమైపోతోందని ఆ పిల్ల విసుక్కుంటోంది. వేళ్లు ఎప్పటికి వదులవుతాయని అడిగితే మనవరాలే చెప్పింది, "నేను బడికి పోయినాక కూడా నాయనమ్మ గ్లాసు పట్టుకోలేదు" అని. రిజిస్టర్లో నొప్పి అంకె రాయలేదు. "హుక్సు పెట్టుకోలేదు, గ్లాసు పట్టుకోలేదు, రెండు మణికట్లూ వాపు, పొద్దున పట్టు గంటపైన" అని రాసి నెల్లూరు పంపాను. రక్తపరీక్షలు చేసి రుమటాయిడ్ అన్నారు. వంకర్లు పోయినవి తిరిగి రావు, ఇంకా పోకుండా చూద్దాం అన్నారంట డాక్టరు గారు. మెథోట్రెక్సేట్ మొదలైంది, ఫోలిక్ కూడా.

నిన్న వచ్చింది. హుక్సు పైన రెండు తానే పెట్టుకుంది, కింద రెండు ఇంకా మనవరాలే. రూపాయికి ఎంత నొప్పి అమ్మా అంటే ఈసారి "రోంత" అనలేదు. "ఆరణాలు" అంది.

మేడం, ఒక సందేహం. వాళ్ల ఊరి సంత మంగళవారం. మాత్ర మొదలుపెట్టింది మాత్రం శుక్రవారం, ఆసుపత్రిలో ఆ రోజే చెప్పారంట. సంత రోజుకి మార్చమని నేను చెప్పొచ్చా?

---

ఒంగోలు_పాతనర్సు | శనివారం, సాయంత్రం 7:46

నువ్వు మార్చకు. శుక్రవారం నుంచి మంగళవారానికి దూకితే మధ్యలో నాలుగు రోజులే. డాక్టరు గారిని అడిగి మార్పించాలి, లేదా శుక్రవారమే ఉంచాలి. శుక్రవారం ఆవిడ గుమ్మానికి పసుపు రాస్తుందేమో అడుగు. రాస్తే, ఆ రాత్రే మాత్ర. కాలెండర్లో శుక్రవారాలన్నీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి గోడకి తగిలించు, ఆ పిల్లకి చూపించు.

---

బుచ్చి_సిస్టర్ | శనివారం, సాయంత్రం 7:51

పసుపు ఆ పిల్లే రాస్తోంది మేడం ఈమధ్య. సోమవారం కాలెండర్ తీసుకెళ్తాను.